రెండున్నర నిమిషాల ఉమ్మడి కుటుంబం



డిసెంబరు సగం దాటిందంటే సూరత్‌లో రెండు హడావిడులు మొదలవుతాయి. ఒకటి వీధిలో. రోడ్డు పక్కన కర్రలు పాతి, వాటి మధ్య దారం లాగి, రంగూ గాజుపొడీ కలిపిన ముద్ద పూస్తూ మాంజా తయారు చేస్తుంటారు. రెండోది మన తెలుగువాళ్ళ ఇళ్ళలో. సంక్రాంతి సినిమాల ట్రైలర్లు ఒకదాని వెనక ఒకటి ఫోన్లలోకి దిగుతుంటాయి. జనవరి 14 గుజరాతీలకు ఉత్తరాయణ్, అంటే గాలిపటాల పండగ. మనకు సంక్రాంతి. ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలు, వాటితోపాటు ఒక కుటుంబ కథాచిత్రం.

ఇది సరదాకి అంటున్న మాట కాదు, తారీఖులు చూడండి. ‘కలిసుందాం రా’ 2000 జనవరి 14న వచ్చింది. ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ 2013 జనవరి 11న, ‘శతమానం భవతి’ 2017 జనవరి 14న, ‘ఎఫ్2’ 2019 జనవరి 12న వచ్చాయి. 2025 జనవరి 14న వచ్చిన సినిమా అయితే సంకోచం లేకుండా పేరే ‘సంక్రాంతికి వస్తున్నాం’ అని పెట్టుకుంది.

బదిలీల మీద ఊళ్ళు తిరుగుతూ తెలుగు చెప్పుకొనే మాకు ఒక సంగతి అర్థమైంది. ఏ రాష్ట్రంలో పనిచేసినా, మా తరగతికి వచ్చే తెలుగు పిల్లలు రెండు చోట్ల తెలుగు నేర్చుకొని వస్తారు. మొదటిది అమ్మ నోరు, రెండోది సినిమా ట్రైలర్. పాఠ్యపుస్తకానిది మూడో స్థానం. అందుకు మాకు కోపమేమీ లేదు. కానీ పిల్లలకు రెండో గురువుగా ఉన్నవాడు ఎలాంటివాడో ఒకసారి పరీక్ష పెట్టి చూడాలి కదా! ట్రైలర్ ఎలా పుట్టింది, ఎలా తయారవుతుంది, ఏం చూపిస్తుంది, ఏం దాస్తుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. మధ్యమధ్య నవ్వుకుందాం కూడా.

తోక తలకెక్కిన కథ

ట్రైలర్ అంటే వెనక వచ్చేది. ట్రాక్టర్ వెనక తగిలించే బండిని కూడా ట్రైలర్ అనే అంటారు. మరి సినిమాకు ముందు వచ్చేదానికి ఈ పేరెందుకు?

1913లో న్యూయార్క్‌లో మార్కస్ లో అనే ఆయన థియేటర్లకు ప్రచారం చూసే నిల్స్ గ్రాన్‌లండ్, ఒక సంగీత నాటకం కోసం చిన్న ప్రచార చిత్రం తయారుచేశాడు. సినిమా ట్రైలర్ల చరిత్రను అక్కడి నుంచి మొదలుపెడతారు. తొలిరోజుల్లో ఇలాంటి ముక్కల్ని అసలు సినిమా అయిపోయాక వేసేవారు. వెనక వచ్చేవి కాబట్టి ట్రైలర్లు అయ్యాయి. అయితే సినిమా అయిపోయాక కూర్చునేదెవరు? కుర్చీ కింద చెప్పులు వెతుక్కునేవాళ్ళు తప్ప! దాంతో తోకను తెచ్చి తలకు తగిలించారు. పేరు మాత్రం తోకదే మిగిలిపోయింది. ఆ 1913లోనే, మే 3న, బొంబాయిలో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ విడుదలైంది. అంటే మన దేశపు సినిమాకూ ట్రైలర్‌కూ దాదాపు ఒకటే వయసు.

కానీ ‘కొంచెం చూపించి ఊరించడం’ అనే విద్య మనకు అమెరికా నుంచి రాలేదు. కూచిపూడి ‘భామాకలాపం’లో సత్యభామ రంగం మీదికి వచ్చేముందు ఏం చేస్తుందో తెలుసా? ఇద్దరు మనుషులు తెర పట్టుకొని నిలబడతారు. ఆ తెర మీదుగా ముందు ఆమె జడ బయటికి వస్తుంది. మనిషి ఇంకా లోపలే ఉంటుంది. ఆ జడ చూసే జనం సర్దుకొని కూర్చుంటారు. ఇంతకంటే మంచి టీజర్‌ను ఎవరు కట్ చేయగలరు?

సినిమాలు వచ్చాక జట్కా బండికి రెండు వైపులా పోస్టర్లు కట్టి, మైకులో సినిమా పేరు అరుచుకుంటూ, రంగురంగుల కరపత్రాలు విసురుకుంటూ వెళ్ళేవారు. పిల్లలు బండి వెనక పరిగెత్తేవారు. తర్వాత జట్కా స్థానంలో రిక్షా, రిక్షా స్థానంలో ఆటో వచ్చాయి. థియేటర్ దగ్గర పాటల పుస్తకం అమ్మేవారు. అందులో కథ కూడా ఉండేది. సరిగ్గా గొడవ ముదిరే చోట ఆ కథ ఆగిపోయి, మిగిలింది వెండితెర మీద చూడమనేది. మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, ఆ పుస్తకాల్ని ట్రంకుపెట్టెలో దాచుకున్న రోజులు చెబుతారు.

ట్రైలర్ శరీర నిర్మాణ శాస్త్రం

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఏ సినిమానూ నొప్పించకుండా ఉండటానికి లేని సినిమా ఒకటి ఊహించుకుందాం. పేరు ‘మా ఇంట్లో అందరూ ఇంతే’. హాస్యభరిత కుటుంబ కథాచిత్రం. ట్రైలర్ నిడివి రెండున్నర నిమిషాలు. వాచీ పట్టుకొని చూడండి.

మొదటి ఐదు సెకన్లు: సెన్సార్ సర్టిఫికెట్. థియేటర్లో వేసే ట్రైలర్‌కు కూడా అది ఉండాల్సిందే. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక యూఏ అనే తరగతిని 7+, 13+, 16+ అని మూడు వయసులుగా విడదీశారు. ఆ అక్షరాలు చూసే అలవాటు మీ ఇంట్లో ఒక్కరికైనా ఉండాలి.

5 నుంచి 25 సెకన్లు: డ్రోన్ పైకి లేస్తుంది. గోదావరి, కొబ్బరితోట, పచ్చటి పొలం. తోట మధ్య లంకంత ఇల్లు. ఇంట్లో ఇరవై ఏడుగురు ఉంటారు. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. ఒక్కరూ ఉద్యోగానికి వెళ్ళరు. ఒక్కరికీ బదిలీ కాదు. మన ఇళ్ళలో రెండేళ్ళకోసారి వినిపించే ‘ట్రాన్స్‌ఫర్ ఆర్డర్’ అనే మాట ఆ ఇంటి చెవిన ఎన్నడూ పడలేదు. వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు, “కుటుంబం అంటే...” అని మొదలుపెడుతుంది. ఆ వాక్యం పూర్తవదు. ఇప్పటివరకు ఏ ట్రైలర్‌లో పూర్తయిందో మాకు గుర్తులేదు.

25 నుంచి 60 సెకన్లు: సంగీతం టక్కున ఆగుతుంది. హీరో మంచం మీద ముసుగుతన్ని పడుకొని ఉంటాడు. వాళ్ళ నాన్న ఒక మాట అంటాడు, హీరో ఎదురు మాట అంటాడు. ‘టింగ్’మని చప్పుడు. అది నవ్వమని మనకిచ్చే సంకేతం. బడిలో గంట కొడితే ఎలా లేస్తామో, ‘టింగ్’ అంటే అలా నవ్వాలి. హీరోకు ఉద్యోగం ఉండదు కానీ పూటకో కొత్త చొక్కా ఉంటుంది. చొక్కాలు సూరత్ నుంచి టోకున తెప్పించుకుంటాడేమో!

60 నుంచి 95 సెకన్లు: పెళ్ళిచూపులు. కాఫీ ఒలుకుతుంది. ఒకాయన జారిపడతాడు. పక్కింటి ఆయన అపార్థం చేసుకుంటాడు. ఒకడికి పడాల్సిన చెంపదెబ్బ పక్కవాడికి పడుతుంది.

95 నుంచి 125 సెకన్లు: హఠాత్తుగా వర్షం. వయొలిన్. తాతగారి పడక్కుర్చీ ఖాళీగా ఊగుతుంది. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. హీరో సూట్‌కేసు పట్టుకొని గేటు దాటుతాడు. ముప్ఫై సెకన్ల కిందట కాఫీ ఒలికితే నవ్విన మనమే ఇప్పుడు గొంతు సవరించుకుంటాం.

125 నుంచి 140 సెకన్లు: కుటుంబ కథ అన్నారు కదా అని తెల్ల కార్లు ఊరుకోవు. పొలం గట్టు మీద నాలుగు తెల్ల కార్లు దూసుకొస్తాయి. రౌడీలు గాల్లోకి లేస్తారు. వాళ్ళెవరు, ఎందుకొచ్చారు, వాళ్ళకు కుటుంబాలు లేవా అని ఎవరూ అడగరు.

ఆఖరి పది సెకన్లు: సినిమా పేరు పడుతుంది. అయిపోయిందని ఫోన్ పక్కన పెట్టబోతాం. అప్పుడొస్తుంది అసలు జోకు. పేరు పడ్డాక ఒక చిన్న ముక్క వెయ్యడం ఆనవాయితీ. విందు అయ్యాక చేతిలో పెట్టే కిళ్ళీ లాంటిదన్నమాట.

ఇది తెలుగువాళ్ళ సొత్తు మాత్రమే అనుకోకండి. మీ గుజరాతీ స్నేహితుల ఇంట్లో వాళ్ళ కుటుంబ సినిమాల ట్రైలర్లు చూడండి. మన అరుగు ఉన్నచోట వాళ్ళ హీంచకో, అంటే ఊయలబల్ల ఉంటుంది. మన కాఫీ ఉన్నచోట చాయ్, ఫాఫ్డా ఉంటాయి. ఇల్లు మారుతుంది, తిండి మారుతుంది. కన్నీళ్ళు వచ్చే సమయం మాత్రం పెద్దగా మారదు.

ట్రైలర్ నిఘంటువు

పరీక్షకు వచ్చే అవకాశం లేదు కానీ, తెలుసుకుంటే జేబుకు మంచిది.

‘క్లీన్ ఫ్యామిలీ ఎంటర్‌టైనర్’: ఇంటిల్లిపాదీ ఆరు టికెట్లు కొనండి.

‘నవ్వుల విందు’: వడ్డించేది మేము, నవ్వాల్సిన బాధ్యత మీది.

‘ఎవరూ చెప్పని కొత్త కథ’: మీ పెద్దన్నయ్య చూశాడు, మీరింకా చూడలేదు.

‘కంటతడి పెట్టించే క్లైమాక్స్’: తాతగారి ఆరోగ్యం గురించి ముందుగానే సిద్ధపడండి.

‘ఫస్ట్ లుక్’, ‘గ్లింప్స్’, ‘టీజర్’, ‘ట్రైలర్’, ‘రిలీజ్ ట్రైలర్’: ఒకే జడను ఐదుసార్లు తెర మీదుగా వెయ్యడం.

‘పోస్టర్ రేపు ఉదయం 10 గంటల 8 నిమిషాలకు’: పోస్టర్ వస్తుందని చెప్పడానికి వచ్చిన పోస్టర్. ముహూర్తం పెళ్ళికే కాదు, పెళ్ళి కార్డుకూ పెట్టే జాతి మనది.

అతుకుల పని

నవ్వుకున్నాం కదా, ఇప్పుడు కొంచెం పాఠం. ఈ రెండున్నర నిమిషాల్లో నవ్వూ ఏడుపూ ఎలా తెప్పిస్తారు?

మొదటి రహస్యం పక్కపక్కన పెట్టడం. సుమారు 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడని సినిమా విద్యార్థులకు చెబుతారు. ఏ భావమూ లేని ఒక నటుడి ముఖం చూపించి, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఇంకోసారి శవపేటిక పెట్టాడు. ముఖం అదే. చూసినవాళ్ళు మాత్రం మొదటిదాంట్లో ఆకలి, రెండోదాంట్లో దుఃఖం చూశారు. మన ట్రైలర్‌లో తాతగారు అలా చూస్తూ ఉంటారు. తర్వాతి ముక్కలో మనవడు సంచితో దిగితే అది ప్రేమ. తర్వాతి ముక్కలో ఆవకాయ జాడీ పగిలి ఉంటే అది కోపం. నిజానికి ఆ రోజు షూటింగులో ఆయన భోజనం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారేమో, మనకేం తెలుసు?

రెండో రహస్యం ప్రశ్న ఒక సీన్ నుంచి, జవాబు ఇంకో సీన్ నుంచి తేవడం. “ఎప్పుడొచ్చావురా?” అన్నది సినిమా మొదట్లో నాన్న అడిగిన మాట. “నీ ఇష్టం వచ్చినప్పుడా?” అన్నది చివర్లో హీరోయిన్ అన్న మాట. రెండూ కలిపితే మూడో సంభాషణ పుడుతుంది. అది సినిమాలో ఎక్కడా ఉండదు. అందుకే ట్రైలర్‌లో విన్న జోకు కోసం థియేటర్లో చివరిదాకా ఎదురుచూసి, లైట్లు వెలిగాక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. హాస్యానికి ముందు నడక కావాలి. జంధ్యాల గారి ‘అహ నా పెళ్ళంట’ 1987లో వచ్చింది. అందులో కోట శ్రీనివాసరావు గారు వేసిన పిసినారి పాత్ర, కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటుంది. ఇన్నేళ్ళయినా జనం దాన్ని తలుచుకొని నవ్వుతారు. ఎందుకు? అంతకుముందు ఆ మనిషి పిసినారితనం ఎంతటిదో మనకు కొంచెం కొంచెంగా తెలుస్తూ వచ్చింది కాబట్టి. ఆ నడక తీసేసి కోడిని ఒక్కదాన్నే చూపిస్తే, అది కేవలం ఒక కోడి. ట్రైలర్ చూసి సినిమా చూసేశాం అనుకోవడం కూడా ఆ కోడిని చూస్తూ అన్నం తినడం లాంటిదే!

బెత్తెడు చీర

ఇప్పుడు సూరత్ లెక్క ఒకటి చేద్దాం. రెండున్నర గంటల సినిమాకు రెండున్నర నిమిషాల ట్రైలర్. అంటే 150 నిమిషాలకు రెండున్నర నిమిషాలు. అరవయ్యో వంతు. చీర పొడవు ఐదున్నర మీటర్లు అనుకుంటే, అందులో అరవయ్యో వంతు సుమారు 9 సెంటీమీటర్లు. మన పాత కొలతలో చెప్పాలంటే బెత్తెడు, ఇంకొంచెం. బెత్తెడు గుడ్డ చూసి చీర ఎలా ఉంటుందో చెప్పమంటే ఎలా?

చెప్పిస్తారు. అదే వ్యాపారం. రింగ్‌రోడ్డులోని చీరల మార్కెట్‌కు అమ్మతో వెళ్ళినప్పుడు గమనించండి. కొట్టతను చీర విప్పేటప్పుడు ముందు కొంగు పరుస్తాడు. తర్వాత అంచు చూపిస్తాడు. కుచ్చిళ్ళ లోపలికి, నడుము కిందకి వెళ్ళే సాదా భాగాన్ని తనంతట తాను చూపించే వర్తకుణ్ణి మేమింకా చూడలేదు. పెట్టె మీద బొమ్మలో అమ్మాయి కట్టుకున్న చీర వేరు, పెట్టెలో ఉన్న చీర వేరు అని చాలాసార్లు ఇంటికొచ్చాకే తెలుస్తుంది. అలాగని కొంగు చూపించడం మోసం కాదు. చీరలో అందమైన భాగం అదే. కానీ కట్టుకునేది కొంగునొక్కదాన్నే కాదు.

ఈ సంగతి మనకంటే బాగా తెలిసిన తెలుగువాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోందంటే వాళ్ళ పిల్లల కోసమే. మగ్గం దగ్గర నిలబడే మనిషికి కొంగూ ఒకటే, సాదా భాగమూ ఒకటే. దేనికి తెగిన పోగు దానికి ముడెయ్యాల్సిందే. ఏ సినిమాకైనా, ఏ కుటుంబానికైనా ఎక్కువ పొడవు ఆ సాదా భాగానిదే.

టీచరమ్మ, పాట, సుప్రీం కోర్టు

“ట్రైలర్‌లో చూపించింది సినిమాలో లేకపోతే డబ్బులు తిరిగివ్వాలి కదా!” అని మీలో చాలామంది అంటుంటారు. సరిగ్గా ఈ ప్రశ్నే మన దేశంలో సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. వెళ్ళినవారు మా వృత్తివారే.

2016 ఏప్రిల్‌లో ‘ఫ్యాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. విడుదలకు ముందు ‘జబ్రా ఫ్యాన్’ అనే పాటతో బాగా ప్రచారం చేశారు. మహారాష్ట్రలోని ఔరంగాబాద్‌లో ఒక ఉపాధ్యాయురాలు ఆ ప్రచారం చూసి కుటుంబంతో సినిమాకు వెళ్ళారు. సినిమా అంతా అయిపోయింది, పాట రాలేదు. ఆమె వినియోగదారుల ఫోరంలో కేసు వేశారు. జిల్లా ఫోరం కొట్టేసింది. ఆమె వదల్లేదు. రాష్ట్ర కమిషన్ ఆమెకు 10,000 రూపాయల పరిహారం, ఖర్చుల కింద మరో 5,000 ఇవ్వమంది. జాతీయ కమిషన్ కూడా దాన్నే ఖాయం చేసింది. నిర్మాణ సంస్థ సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 2024 ఏప్రిల్ 22న తీర్పు వచ్చింది. జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ అరవింద్ కుమార్ ఆ కేసు విన్నారు.

కోర్టు చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే. ట్రైలర్ ఒకవైపు నుంచి వచ్చేది. టికెట్ కొనమని ప్రోత్సహించడమే దాని పని. మీరు టికెట్ కొనడం వేరే లావాదేవీ. ట్రైలర్ దానంతట అది ఒప్పందానికి చేసిన ప్రతిపాదన కాదు, దాని నుంచి ఒప్పందం పుట్టదు. అందులో కనిపించింది సినిమాలో లేనంత మాత్రాన సేవలో లోపం అనలేం. సినిమా ఒక కళ కాబట్టి దాన్ని తీసేవారికి కొంత స్వేచ్ఛ ఉండాలి. దాంతో ఆ పరిహారం రద్దయింది. ప్రకటనల్లో ఎలాంటి మోసమైనా చెల్లుతుందని మాత్రం కోర్టు అనలేదు. ఈ కేసులో అనుచిత వ్యాపార పద్ధతి రుజువు కాలేదంది.

పదకొండో తరగతి కామర్స్ విద్యార్థులకు ఇది పాఠంగా పనికొస్తుంది. మిగతావాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: ట్రైలర్ మాట ఇవ్వదు, రమ్మని పిలుస్తుంది. పిలుపును మాటగా తీసుకుంటే మిగిలేది నిరాశే.

మన ఇళ్ళ ట్రైలర్లు

ఇదంతా సినిమా గొడవ కదా, మాకెందుకు అనకండి. బదిలీ ఉద్యోగుల పిల్లలకు ట్రైలర్లతో వేరే లెక్క ఉంది.

కొత్త ఊరికి బదిలీ అయినప్పుడు అమ్మానాన్నలు ఏం చెబుతారు? “అక్కడ సముద్రం ఉందట, బడి పెద్దదట, క్వార్టర్స్‌కు బాల్కనీ ఉందట.” అది ట్రైలర్. మొదటి నెల భోజనాల గంటలో ఒంటరిగా కూర్చోవాల్సి వస్తుందని అందులో ఉండదు. ఆదివారం అమ్మమ్మతో వీడియో కాల్‌లో మీరేం చెబుతారు? కొత్త డ్రెస్సు, మంచి మార్కులు, ఒక నవ్వు. అది మీ ట్రైలర్. గురువారం జ్వరం వచ్చిందని, స్నేహితుడు మాట్లాడటం మానేశాడని అందులో ఉండదు. అవతల అమ్మమ్మ కూడా మోకాళ్ళ నొప్పి సంగతి కత్తిరించేసే మాట్లాడుతుంది. రెండు వైపులా ప్రేమతోనే కత్తిరింపులు జరుగుతాయి.

ఆఖరికి మే నెలలో పదిరోజులు సొంతూరు వెళితే, అదీ ఏడాదిలో ఒక చిన్న ముక్కే. అందుకే ‘మన ఊరు’ అనగానే మీ కళ్ళ ముందు సగం ట్రైలర్లలోని ఊరే కనిపిస్తుంది.

ఈ ఏడాది మా తరగతిలో ‘మా ఇంటి ట్రైలర్’ రాయమన్నాం. చాలామంది గోదావరి, కొబ్బరితోట, పెద్ద ఇల్లు రాశారు. వాళ్ళలో కొందరివి గోదావరికి నాలుగైదు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఊళ్ళు! ఏడో తరగతి అబ్బాయి ఒకడు తెల్లకాగితం ఇచ్చాడు. ఎందుకురా అంటే, “మా తాతయ్య ఇల్లు రెండు గదులే. ట్రైలర్‌కి పనికిరాదు” అన్నాడు. వాళ్ళ తాతగారిది వరంగల్, రైలు పట్టాలకు దగ్గర్లో ఇల్లు. అక్కడ ఏం చేస్తావని పక్కనున్న పిల్లలు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. వాడు మెల్లగా చెప్పాడు. తాతగారు వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటారట. రైలు చప్పుడు వినే అది గూడ్సో, ఎక్స్‌ప్రెస్సో, ఏ బండో చెప్పేస్తారట. అహ్మదాబాద్, చెన్నైల మధ్య తిరిగే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లోనూ ఆగుతుంది, వరంగల్‌లోనూ ఆగుతుంది. ఆ బండి వెళ్ళినప్పుడల్లా తాతగారు, “అదిగో, మావాడి ఊరి బండి” అంటారట. వీడు అక్కడ లేని రోజుల్లో కూడా అంటారని నాయనమ్మ ఫోన్‌లో చెప్పిందట.

తరగతిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గోదావరి రాసిన పిల్లలు ఇద్దరు తమ కాగితాలు వెనక్కి ఇమ్మన్నారు. మళ్ళీ రాస్తామన్నారు.

మంచి కుటుంబ సినిమాలు తీసేవాళ్ళు కూడా ఈ పిల్లవాడు చెప్పినలాంటి సంగతుల్నే పట్టుకుంటారు. ‘శతమానం భవతి’లో ఆత్రేయపురంలో ఉండే తండ్రి, విదేశాల్లో ఉన్న పిల్లలు పండక్కి రావడం లేదని, తామిద్దరం విడిపోతున్నామని అబద్ధం చెప్పి రప్పిస్తాడు. పైకి నవ్వు, లోపల ఎదురుచూపు. 64వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఆరోగ్యకరమైన వినోదం అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా దానికి పురస్కారం దక్కింది. 2023 మార్చి 3న వచ్చిన ‘బలగం’ తీసింది హాస్యనటుడైన వేణు ఎల్దండి. ఆయనది సిరిసిల్ల, సూరత్ లాగే మరమగ్గాల ఊరు. ఆ సినిమాలో లంకంత ఇల్లు లేదు, డ్రోన్‌కు పనికొచ్చే నది లేదు. ఒక ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. మనుషులు అలకలు మానాల్సి వస్తుంది. తెలంగాణలో ఎన్నో ఊళ్ళలో జనం తెర కట్టుకొని ఊరంతా కలిసి కూర్చొని ఆ సినిమా చూశారు, ఏడ్చారు. ఇస్త్రీ బట్టల ఇరవై ఏడుగురు లేకుండానే అది కుటుంబ చిత్రం అయింది.

కాబట్టి ట్రైలర్లు చూడండి. ‘టింగ్’ అన్నప్పుడు నవ్వండి, తెల్ల కార్లు వచ్చినప్పుడు ఇంకా నవ్వండి. కొంగు బాగుందని మెచ్చుకోండి. మీ తాతగారి ఇల్లు మాత్రం ఆ కొంగుతో కొలవకండి.

ఇంటిపని

ఈ ఉత్తరాయణ్ సెలవుల్లో మీ ఇంటి ట్రైలర్ రాయండి. అన్ని తరగతులవాళ్ళూ రాయవచ్చు. నియమాలు నాలుగు.

1. పది ముక్కలకు మించకూడదు. ఒక్కో ముక్క ఒకటి రెండు వాక్యాలు.

2. నది, కొబ్బరితోట, లంకంత ఇల్లు మీకు నిజంగా ఉంటేనే రాయాలి.

3. కనీసం మూడు ముక్కలు ‘సాదా భాగం’ నుంచి తీసుకోవాలి. అంటే ఎవరూ ఫొటో తియ్యనివి: నాన్న షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పే తీరు, అమ్మ పాత ఊరి పాలవాణ్ణి తలుచుకొనే మాట, అట్టపెట్టెల మీద చెరిగిపోని పాత చిరునామా, అలాంటివి.

4. “కుటుంబం అంటే...” అని ఎవరైనా మొదలుపెడితే, ఆ వాక్యాన్ని వాళ్ళే పూర్తిచెయ్యాలి.

రాసినవి సెలవుల తర్వాత తెలుగు తరగతిలో ఇవ్వండి. మధ్యలో మీ నాన్నగారికి బదిలీ వస్తే, కొత్త ఊరి నుంచైనా పోస్టులో పంపండి. తీసుకుంటాం.